పాత వాల్వ్ ఆంప్లిఫయర్: స్విచ్ వేసే ముందు ఏ సాకెట్ ఏ ట్యూబుదో తేల్చుకోండి

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మెరాత్ బజార్‌లోనో కొన్న వాల్వ్ ఆంప్లిఫయర్‌లో (గాజు ట్యూబులతో పనిచేసేది, వాల్వ్ అన్నా ట్యూబు అన్నా ఒకటే) ట్యూబులు వాటి చోట్లలోనే ఉన్నాయని నమ్మొద్దు. ఖాళీ సాకెట్ కనపడకూడదని అందులో పట్టిన ట్యూబు ఏదో ఒకటి పెట్టేసి ఉండొచ్చు. 9 పిన్నుల సాకెట్‌లో ప్రీఆంప్ ట్యూబు (చిన్న సిగ్నల్‌ను పెంచేది) ఈసీసీ83, అవుట్‌పుట్ ట్యూబు (స్పీకర్‌ను నడిపేది) ఈఎల్84, రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) ఈజడ్81 మూడూ సాఫీగా దిగుతాయి. ఈఎల్84 చోట ఈజడ్81 పెట్టారనుకోండి. రెండింటికీ హీటర్ (ట్యూబును వేడెక్కించే తీగ) 4, 5 పిన్నులే కాబట్టి మామూలుగానే వెలుగుతుంది. కానీ 7వ పిన్ను (ప్లేటు) నుంచి 3వ పిన్నుకు (ఎలక్ట్రాన్లు వదిలే కేథోడ్) కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పోతుంది. ముందు కేథోడ్ రెసిస్టర్ మాడుతుంది, ఆ వెనకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. అందుకే ట్యూబు కన్నా ముందు సాకెట్ వైరింగు చూడాలి.

అయినా ట్యూబు మీద పేరుంటే వదులుకోవద్దు. గాజును గుడ్డతో తుడవకండి, ఆ అక్షరాలు ఇట్టే చెరిగిపోతాయి. నోటితో ఆవిరి ఊదితే మసకబారినవి కూడా ఒక్కోసారి కనిపిస్తాయి. యూరప్ పేర్లలో మొదటి అక్షరం ‘ఈ’ (E) అయితే హీటర్ 6.3 వోల్టులు. పీ అయితే 300 మిల్లీ ఆంపియర్ల సిరీస్ హీటర్, అంటే టీవీ ట్యూబు, మనకు పనికిరాదు. తర్వాతి అక్షరాల్లో సీ ట్రయోడ్ (ఈసీసీ83 రకం), ఎల్ పవర్ పెంటోడ్ (ఈఎల్84 రకం), జడ్ రెక్టిఫయర్. అంకె 3తో మొదలైతే 8 పిన్నుల ఆక్టల్, 8తో మొదలైతే 9 పిన్నులది. 12ఏఎక్స్7 అన్నది ఈసీసీ83కే అమెరికా పేరు.

ఇక సాకెట్. ప్లగ్ పీకి, పెద్ద కండెన్సర్లను 4.7 కిలో ఓమ్, 5 వాట్ రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, 10 వోల్టుల లోపుకు దిగిందని మీటర్‌తో చూశాకే లోపల చెయ్యి పెట్టండి. ఇందులో 300 నుంచి 450 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉండగలదు, ప్రాణం తీస్తుంది. ఛాసిస్ (సాకెట్లు బిగించిన లోహపు చట్రం) బోర్లించి, 9 పిన్నుల సాకెట్‌లో ఖాళీ జాగా నుంచి, ఆక్టల్‌లో మధ్య రంధ్రానికున్న గాటు నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు పిన్నులు లెక్కపెట్టండి.

4, 5 పిన్నులు కలిపేసి, హీటర్ రెండో వైరు 9కి వెళ్తే అది ఈసీసీ83 సాకెట్. 4, 5 విడివిడిగా ఉండి, 7వ పిన్ను అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతే ఈఎల్84. 1, 7 పవర్ ట్రాన్స్‌ఫార్మర్ హైవోల్టేజ్ చివరలకూ, 3 పెద్ద కండెన్సర్‌కూ వెళ్తే ఈజడ్81. ఆక్టల్‌లో 2, 7 హీటరై, 3 అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతే ఈఎల్34 లేదా 6ఎల్6. 2, 8 హీటరై, 4, 6 పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతే జీజడ్34 లాంటి రెక్టిఫయర్. ఈఎల్34, 6ఎల్6 ఒకే సాకెట్‌లో పట్టినా, 6ఎల్6జీసీ హీటర్‌కు 0.9 ఆంపియర్ చాలు, ఈఎల్34కు 1.5 కావాలి. 1వ పిన్ను 8తో కలిపి లేకపోతే ఆ సాకెట్‌లో ఈఎల్34 పెట్టొద్దు.

మొదటిసారి కరెంటు సిరీస్ బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా వచ్చే బోర్డు) మీదే ఇవ్వాలి. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్ఈడీ పని చెయ్యదు. వోల్టేజ్ సెలెక్టర్ 110 మీద లేదని చూసుకోండి. ట్యూబులన్నీ తీసి ఆన్ చేస్తే బల్బు ఒక్క మెరుపు మెరిసి తగ్గాలి. తగ్గకుండా వెలుగుతూనే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌లోనో వైరింగులోనో షార్ట్ ఉన్నట్టు. తర్వాత స్పీకర్ తగిలించి ట్యూబులు పెట్టండి. స్పీకర్ లేకుండా వాల్వ్ ఆంప్లిఫయర్‌కు పాట పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పాత మైక్‌సెట్ ఆంప్లిఫయర్లలో 100 వోల్ట్ లైన్ టెర్మినల్ కూడా ఉంటుంది, ఇంటి స్పీకర్‌ను దానికి కాకుండా 8 ఓమ్ టెర్మినల్‌కు కలపండి.

అవుట్‌పుట్ ట్యూబు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయండి. ఎక్కువసార్లు తప్పు ట్యూబుది కాదు, దాని ముందున్న కప్లింగ్ కండెన్సర్ (సిగ్నల్‌ను పంపి డీసీని ఆపేది) లీకవడమే కారణం. పాత కాగితం కండెన్సర్లకు ఈ జబ్బు మామూలే. అవుట్‌పుట్ ట్యూబులు తీసేసి మిగతావి ఉంచి ఆన్ చేసి, ఈఎల్84 అయితే 2వ పిన్ను (సిగ్నల్ అందే గ్రిడ్) దగ్గర డీసీ కొలవండి. సున్నా రావాలి. అర వోల్టు ప్లస్ ఉన్నా ఆ కండెన్సర్ మార్చాల్సిందే. అదే విలువలో 630 వోల్టుల పాలియెస్టర్‌ది కోఠి గుజరాతీ గల్లీలో అడగండి.

మార్చాక ట్యూబు మీద ఎంత భారం పడుతోందో లెక్క చూడండి. ఉదాహరణకు, రెండు ఈఎల్84లకు కలిపి 130 ఓమ్‌ల కేథోడ్ రెసిస్టర్ ఉంది, దాని మీద 10.4 వోల్టులు వచ్చాయి అనుకోండి. 10.4ను 130తో భాగిస్తే 80 మిల్లీ ఆంపియర్లు, ఒక్కో ట్యూబుకు 40. అందులో స్క్రీన్ (ట్యూబులోని రెండో గ్రిడ్) వాటా 4 పోగా ప్లేటుకు 36. ప్లేటుకూ కేథోడ్‌కూ మధ్య 300 వోల్టులుంటే 10.8 వాట్లు. ఈఎల్84 హద్దు 12 వాట్లు కాబట్టి ఫర్వాలేదు.

హమ్ (గుంయ్‌మనే శబ్దం) వస్తుంటే వాల్యూమ్ సున్నాకు తిప్పండి. అయినా తగ్గకపోతే ఫిల్టర్ కండెన్సర్లను (ముందు డిశ్చార్జ్ చేసిన ఆ పెద్దవే) అనుమానించాలి, తగ్గితే ఇన్‌పుట్ వైపు గ్రౌండింగ్ చూడాలి. చిటపటలకు చాలాసార్లు సాకెట్లే కారణం. కరెంటు తీసి, డిశ్చార్జ్ చేసి, కాంటాక్టులను సన్నని సూదితో కాస్త దగ్గరికి నొక్కి, క్లీనర్ స్ప్రే కొట్టి, ట్యూబును నాలుగైదుసార్లు పెట్టి తీయండి. పెన్సిల్‌తో ఈసీసీ83ను మెల్లగా తడితే స్పీకర్‌లో టంగుమంటోందా? ఆ ట్యూబు మైక్రోఫోనిక్ అయింది (అదురును శబ్దంగా మారుస్తోంది), మొదటి సాకెట్ నుంచి తీసి వెనక స్టేజీలోని ఈసీసీ83తో అదలాబదలీ చేస్తే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. ట్యూబు తలమీది వెండి మచ్చ పాలలా తెల్లబడితే మాత్రం లోపలికి గాలి చేరినట్టే, దాన్ని పారేయండి.