ఇల్లు కట్టేచోట ప్రమాదాలు జరగకుండా చూసుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతిల్లు కట్టుకునేవాళ్లు చాలామంది లేబర్ కాంట్రాక్టుకే ఇస్తారు. అడుగుకి ఇంత అని మేస్త్రితో మాట్లాడుకుని, సిమెంటు, ఇసుక, ఇనుము తామే తెచ్చి పడేస్తారు. ఆ బేరంలో హెల్మెట్లు ఎవరు కొనాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్న మాటే రాదు. పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గరైతే ఇవి చూడ్డానికి ఒక ఇంజినీరు ఉంటాడు. రెండంతస్తుల ఇంటికి అలాంటివాళ్లు ఉండరు. మేస్త్రికి అప్పగించేశాం కదా అని ఊరుకోకుండా ఆ పని మీరే చూసుకోవాలి.

1. అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి

హెల్మెట్లు, గమ్ బూట్లు, రబ్బరు గ్లవుజులు మీరే కొనివ్వండి. హెల్మెట్ మీద ఐఎస్ 2925 గుర్తు చూసి తీసుకోండి, బండి మీద పెట్టుకునేది దీనికి పనికిరాదు. 18 ఏళ్లు నిండనివాళ్లను పనిలోకి తేవద్దని మేస్త్రికి ముందే చెప్పండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పనివాళ్ల పేర్లు నమోదయ్యాయా అని కూడా అడగండి. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు చేరవచ్చు.

కొత్త లేఅవుట్లలో వీధి పేర్లుండవు. 108కి ఫోన్ చేసినవాడు దారి చెప్పలేక తడబడతాడు. దగ్గర్లోని గుడో, వాటర్ ట్యాంకో గుర్తుగా రాసి, గోడ మీద అందరికీ కనబడేలా పెట్టండి.

2. తల పైకెత్తి తీగలు చూడండి

11 కేవీ లైన్ ఇంటి మీదుగా పోతుంటే ఎత్తులో కనీసం 3.7 మీటర్లు, పక్కగా పోతుంటే 1.2 మీటర్లు ఖాళీ ఉండాలి. మామూలు ఇళ్ల లైనుకైతే ఎత్తులో 2.5 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు. అంత లేకపోతే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి, లైను మార్చాకే పై అంతస్తు మొదలుపెట్టండి. ఇల్లు దూరంగానే ఉన్నా రాడ్లు తగలొచ్చు. రాడ్డు పొడవు 12 మీటర్లు. నిలువునా పైకి అందించేటప్పుడు దాని చివర ఎక్కడికి పోతోందో కింద పట్టుకున్నవాడికి తెలియదు. లైను వైపు నుంచి రాడ్లు ఎక్కించనివ్వకండి.

టెంపరరీ కనెక్షన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి. ప్లగ్గు లేకుండా, తొక్క తీసిన వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం ప్రతి సైటులోనూ కనిపిస్తుంది. తడి నేల మీద నిలబడి వైబ్రేటరో, కట్టరో పట్టుకునేవాడికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఒక ప్లగ్గు కొనిస్తే పోతుంది.

3. పునాది గుంతలు

నాగావళి, వంశధార ఒడ్డున, సముద్రం దగ్గర ఇసుక నేలల్లో గుంత గోడలు నిలవవు. 5 అడుగులు దాటి తవ్వితే గోడలు ఏటవాలుగా చెక్కండి, లేదా పలకలతో ఆపు పెట్టించండి. తవ్విన మట్టిని అంచు నుంచి 5 అడుగుల అవతల పోయాలి. వాన పడ్డ మర్నాడు మీరు చూసేదాకా ఎవర్నీ దిగనివ్వకండి. గుంత చుట్టూ, నీళ్ల సంపు చుట్టూ కంచె కట్టండి. పనివాళ్ల పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

4. పరంజా, స్లాబ్

పరంజాకు మన దగ్గర సరుగుడు కర్రలే వాడతారు, తప్పేం లేదు. చూడాల్సింది తాళ్లు. నిరుటి కొబ్బరి తాడు వానకు నాని లోపల కుళ్లి ఉంటుంది. కొత్తది కొనివ్వండి. నిలబడ్డానికి ఒక్క పలక చాలదు, రెండు వేయించి కర్రలకు కట్టించండి. స్లాబ్ అంచు చుట్టూ నడుమెత్తున అడ్డకర్రలు ఉండాలి. పైకి పొడుచుకొచ్చిన పిల్లర్ రాడ్ల కొనలకు చెక్క బద్దెలు కట్టించండి.

అసలు టెన్షన్ సెంట్రింగ్, అంటే స్లాబ్ కింద పెట్టిన రేకులు, కర్రలు విప్పేటప్పుడు వస్తుంది. సెంట్రింగ్ వాళ్లకు ఇంకో సైటులో రేకులు కావాలి, కాబట్టి తొందరపెడతారు. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబ్‌కు కింద ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకైతే 6 మీటర్ల దాకా 14, ఆపైన 21 రోజులు. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు చెప్పినవి. పీపీసీ (బూడిద వంటివి కలిపిన సిమెంటు) వాడితే మరికొన్ని రోజులు ఆగాలి.

5. ఎండా, తుపానూ

ఏప్రిల్, మే నెలల్లో పని పొద్దున్నే మొదలుపెట్టి, 12 నుంచి 3 దాకా ఆపించండి. చోడి (రాగి) అంబలి, మజ్జిగ, ఓఆర్‌ఎస్ అందుబాటులో ఉంచండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. ఒళ్లు నొప్పులకు దుకాణంలో బిళ్లలు కొని మింగడం పనివాళ్లకు అలవాటు. నీళ్లు తాగకుండా ఎండలో ఉన్నవాళ్లకు అవి కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఇది మరీ గట్టిగా చెప్పాలి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ అక్టోబర్లోనే వచ్చాయి. హెచ్చరిక రాగానే రేకులు దించి బరువు పెట్టండి, పరంజా విప్పించండి. కొత్తగా కట్టిన ప్రహరీ పక్కన ఎవర్నీ ఉండనివ్వకండి. షెడ్డులో పడుకునే పనివాళ్లను ముందురోజే పక్కా భవనంలోకి మార్చండి.

6. సెప్టిక్ ట్యాంకు

ఇంకా వాడకంలోకే రాలేదు, కొత్త ట్యాంకే కదా అనుకుంటారు. పైన స్లాబ్ వేసి మూత పెట్టాక లోపల నీళ్లలో చెక్కలు కుళ్లుతుంటాయి. ప్రాణవాయువు తగ్గి విషవాయువులు చేరతాయి. సెంట్రింగ్ విప్పడానికి దిగినవాడు అక్కడికక్కడే పడిపోతాడు, ఏమైందోనని రెండోవాడు దిగుతాడు. మూతలన్నీ ముందురోజే తెరిచి, నీళ్లు తోడించి, బ్లోయరుతో గాలి కొట్టించండి. దీపం వెలుగుతోందంటే సరిపోదు, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతుంది. గాలిని గ్యాస్ మీటరుతో పరీక్షించాకే, నడుముకు తాడు కట్టి దింపండి. పైన తాడు పట్టుకుని ఇద్దరుండాలి. లోపలివాడు పడిపోతే తాడుతో లాగాలి తప్ప ఎవరూ దిగకూడదు.

7. ముహూర్తం దగ్గరపడ్డాక

గృహప్రవేశం తేదీ పెట్టేశాక టైల్స్ వాళ్లు, పెయింటర్లు, ఎలక్ట్రీషియన్ ఒకే గదిలో రాత్రి దాకా పనిచేస్తారు. శ్రీకాకుళం బ్లూ గ్రానైట్ పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఇక బయటికి రాదు. నీళ్లు కొడుతూ, బయట కోయమనండి. ఆ నీళ్ల దగ్గరకు కరెంటు పనివాళ్లు రాకుండా రెండు పనులకూ వేర్వేరు రోజులు కేటాయించండి. రోజులు సరిపోకపోతే ముహూర్తం ముందు ఒక గది నేల పని వదిలేయండి, తర్వాత చేయించుకోవచ్చు.