మనోవర్తికి దరఖాస్తు: పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క

భర్త ఇంట్లోంచి పంపేశాడు, లేదా ఉండలేక మీరే పుట్టింటికి వచ్చేశారు. నెలలు గడుస్తున్నాయి, చేతికి రూపాయి రావడం లేదు. "పెద్దమనుషులు మాట్లాడుతున్నారుగా, కొన్నాళ్లు చూద్దాం" అని ఇంట్లోవాళ్లు ఆపుతున్నారు. మాటలు జరగనివ్వండి, పిటిషన్ మాత్రం ఆపకండి. మనోవర్తిని, అంటే పోషణ కోసం నెలనెలా ఇవ్వాల్సిన డబ్బును, దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఇవ్వాలని 2020 నవంబరు 4న రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేయకుండా గడిపిన నెలలు ఈ లెక్కలోకి రావు.

దీనికోసం విడాకుల కేసు వేయాల్సిన పని లేదు. ఇది తెలియకే చాలామంది వెనకాడతారు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం) 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. తనను తాను పోషించుకోలేని భార్య, మైనర్ పిల్లలు, ఆధారం లేని తల్లిదండ్రులు దీని కింద అడగవచ్చు. విడాకులై మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీకీ హక్కు ఉంది. మతం అడ్డు కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో, విడాకులైన ముస్లిం మహిళ కూడా 125 కింద అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తేల్చింది.

ఎక్కడ వేయాలి?

మీరు ఇప్పుడు ఉంటున్న ఊళ్లోనే. కాపురం విశాఖలో చేసినా, పుట్టిల్లు తెనాలి అయితే తెనాలి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులో, లేకపోతే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయం ఎంతున్నా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

పిటిషన్‌లో పెళ్లి తేదీ, పిల్లల వివరాలు, విడిగా ఉండాల్సి వచ్చిన కారణం, భర్త సంపాదన, నెలకు ఎంత కావాలో రాస్తారు. ఆధార్, పెళ్లి ఫోటోలు లేదా శుభలేఖ, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జతచేయాలి. దాంతోపాటే మధ్యంతర మనోవర్తికి ఇంకో పిటిషన్ వేయమని లాయరుకు గట్టిగా చెప్పండి. భర్తకు నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టం చెబుతోంది. వాయిదాలతో అంతకంటే ఆలస్యం కావచ్చు. అయినా అసలు కేసు తేలేలోపు ఇల్లు గడవడానికి ఇదే ఆధారం.

అసలు పని అఫిడవిట్‌లో ఉంది

ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు చూపే అఫిడవిట్ (ప్రమాణ పత్రం) భార్యాభర్తలిద్దరూ ఇవ్వాలి. మా పిన్ని కూతురిది నింపడానికి ఒక ఆదివారం ఆమెతో కూర్చున్నాను. "నెలకు పదిహేను వేలని రాసేద్దాం అక్కా" అంది. ముందు ఖర్చులు రాద్దామన్నాను. ప్లాస్టిక్ కవర్లోంచి రసీదులన్నీ చాప మీద పోసింది. బాబు స్కూలు ఫీజు ఏడాదికి 36,000, అంటే నెలకు 3,000. స్కూలు ఆటో 1,200. వాడి ఉబ్బసం మందు 650. ఈ మూడే 4,850. తను వేసుకున్న లెక్కలో వీటిలో ఒక్కటీ లేదు. మెడికల్ షాపు బిల్లు మీద అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. అలాంటివి ముందే జిరాక్స్ తీయించుకోండి.

బ్లౌజులు కుట్టి నెలకు సంపాదించే నాలుగు వేలు రాయొద్దంది. రాయించాను. భార్యకు కొంత సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. దాచినట్టు బయటపడితే మాత్రం మిగతా నిజాలనూ కోర్టు అనుమానంగా చూస్తుంది.

"జీతంలో 25 శాతం వస్తుందట కదా" అని చాలామంది అడుగుతారు. 2017లో ఒక తీర్పులో వచ్చిన మాట అది, అన్ని కేసులకూ వర్తించే సూత్రం కాదు. పిల్లల అవసరాలు, భర్త స్తోమత, అతని మీద ఆధారపడ్డవాళ్లు, అన్నీ చూస్తారు.

భర్త వైపు నుంచి సాధారణంగా వచ్చే వాదన, "కారణం లేకుండా వెళ్లిపోయింది" అని. అందుకే ఆసుపత్రి కాగితాలు, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ, మెసేజ్‌లు భద్రంగా ఉంచండి. కాపురానికి రమ్మని అతను కోర్టు నుంచి డిక్రీ తెచ్చుకున్నా, అదొక్కటే మనోవర్తికి అడ్డు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పంచాయితీలో "ఇద్దరం ఇష్టపడే విడిగా ఉంటున్నాం" అని రాసిన కాగితం మీద మాత్రం లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే మనోవర్తి రాదని 144వ సెక్షనే చెబుతోంది.

ఆర్డరు వచ్చాక డబ్బు కట్టకపోతే అదే కోర్టులో అమలు పిటిషన్ వేయవచ్చు. కోర్టు వారెంటు ఇచ్చి వసూలు చేయిస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరదు. వారెంటు కావాలంటే బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపే అడగాలి. కాబట్టి డబ్బు రాని ప్రతి నెలనూ గోడమీది క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి, మొదటి గుర్తుకు ఏడాది నిండకముందే కోర్టుకు వెళ్లండి.