చెవి వెనక ఒకసారి చూడండమ్మా

ఓపీ గదిలోకి వెల్లుల్లి కాచిన నూనె వాసన వచ్చిందంటే, చెవిపోటు పిల్లాడు వచ్చాడని చీటీ చూడకుండానే నాకు తెలిసిపోతుంది. తిరుపతిలో ఈఎన్‌టీ నర్సుగా ఇరవై రెండేళ్లు చేశాను. ఆ నూనె పోసే అవ్వలతో ఇప్పటికీ నాకు పోట్లాటే. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె నేరుగా లోపలికి దిగిపోతుంది.

చిన్నపిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి పోయే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు వెంటే చెవిపోటు వస్తుంది. ముందు నొప్పి తగ్గించండి. పారాసెటమాల్ కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 120 అని ఉందా, 250 అని ఉందా చూసి పోయండి. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది.

తర్వాత చెవి వెనక చూడండి. అక్కడ ఎర్రగా వాచి, ముట్టుకుంటే పిల్లాడు ఏడుస్తూ, చెవి డొప్ప ముందుకు తోసుకొచ్చినట్టు ఉంటే, చీము వెనక ఎముకలోకి పోయిందని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రయినా సరే, రుయా ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోండి.

చీము కారే చెవిని ఎండబెట్టడం ఇంట్లోనే చేయొచ్చు. అగ్గిపుల్ల, పిన్నీసు, ఇయర్ బడ్ వద్దు. ఉతికి ఆరేసిన మెత్తటి నూలు గుడ్డ ముక్కని వత్తిలా, దీపం వత్తి కన్నా కొంచెం లావుగా చేయండి. చెవిలో పెట్టి, తడిశాక తీసి పారేసి, కొత్తది పెట్టండి. వత్తి పొడిగా వచ్చేదాకా ఇదే పని. రోజుకి మూడుసార్లు. ఆ తర్వాతే డాక్టర్ రాసిన చుక్కలు వేయాలి, లేకపోతే మందు చీము మీదే తేలుతుంది. సీసాని గుప్పిట్లో కాసేపు పట్టుకుని వెచ్చబెట్టండి, చల్లటి చుక్క పడితే తల తిరుగుతుంది. చంటిపిల్లలకి డొప్పని కిందికి, వెనక్కి లాగాలి. పెద్దలకి పైకి, వెనక్కి. వేశాక ఐదు నిమిషాలు పక్కకి తిరిగే పడుకోబెట్టండి. రెండు వారాలు దాటినా చీము ఆగకపోతే, లేదా కుళ్ళు వాసన వస్తే, చెవి లోపల చూపించుకోవాల్సిందే.

పెద్దవాళ్ల సంగతికొస్తే తప్పు నాదే. మా మామకి షుగర్. రాత్రిళ్లు చెవి పోటుతో నిద్రపోయేవారు కాదు. గుబిలి ఉందేమోలే అనుకుని మూడు వారాలు చుక్కలతో గడిపేశాను. ఒక పొద్దున కాఫీ తాగుతుంటే మూతి ఒక పక్క నుంచి కారిపోయింది. చెవి ఇన్‌ఫెక్షన్ పుర్రె ఎముకదాకా పాకి, ముఖం నరాన్ని పట్టింది. ఆరు వారాలు యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లకి రాత్రిపూట ఎక్కువయ్యే చెవిపోటుని గుబిలి అనుకోకండి.

ముక్కు గురించి రెండే మాటలు. జలుబు చేసిన పిల్లాడికి ఒక కంటి రెప్ప వాచి, కన్ను కదిపితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా అది ఆ పూటే చూపించాల్సిన జబ్బు. షుగర్ మనిషికి ముక్కులో నల్లటి పెచ్చు, బుగ్గ తిమ్మిరి ఉన్నా అంతే. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ అని భయపడ్డాం కదా, అదే ఇది.

గొంతు దగ్గర మాత్రం చేతులు దూరంగా పెట్టుకోండి. పిల్లాడు ముందుకి వంగి కూర్చుని, గడ్డం చాచి, చొల్లు మింగలేక కారుస్తూ, ఊపిరికి శబ్దం చేస్తుంటే చెంచా పెట్టి నోరు తెరిపించొద్దు, పడుకోబెట్టొద్దు. ఎలా కూర్చున్నాడో అలాగే ఒళ్ళో పెట్టుకుని 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లకి నోరు తెరుచుకోకుండా, మాట ముద్దగా వస్తూ, కొండనాలుక ఒక పక్కకి ఒరిగితే టాన్సిల్ పక్కన చీముగడ్డ ఉంటుంది, ఆ చీము తీయించాలి. కింది పన్ను నొప్పితో మొదలై గడ్డం కింద గట్టిగా వాచి, నాలుక పైకి లేస్తే అది ఊపిరికే అడ్డం పడుతుంది. ఇంట్లో ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ కూర్చోకండి.

వచ్చేటప్పుడు అప్పటిదాకా వాడిన మందులు తెండి. చీటీ పోయి ఉంటే ఖాళీ స్ట్రిప్పు అయినా చాలు, పేరు మేమే చదువుకుంటాం.