అరకు–పాడేరు జలపాతాల యాత్ర: మూడు రోజులకు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మైదానంలో అయితే రెండు గంటల దారి. ఇక్కడ శృంగవరపుకోట దాటగానే ఘాట్ ఎక్కాలి కాబట్టి, టిఫిన్‌కి ఆగే సమయం కూడా కలిపితే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. రానూపోనూ ఎనిమిది గంటలు. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు జలపాతం దగ్గర పావుగంట నిలబడి ఫొటో తీసుకుని ఎందుకు పరిగెత్తాల్సి వస్తుందో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది. జలపాతాల కోసమే వెళ్తున్నట్లయితే కనీసం రెండు రాత్రులు కొండ మీద ఉండాలి. ఒక్క రాత్రే వీలైతే పాడేరు వైపు వదిలేసి, అనంతగిరి–అరకు మధ్యే చూసుకోండి.

ముందు నెల, తర్వాతే తేదీ

ఈ జలపాతాలు పెద్ద నదుల మీద ఉన్నవి కావు. చాలావరకు కొండవాగులు, స్థానికులు గెడ్డలు అంటారు. పైన వాన పడితే పొంగుతాయి, వానలు ఆగిన కొన్ని వారాలకు తగ్గిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి సన్నటి ధార చూసి నిరాశపడేవాళ్లు ఎక్కువ. జులై నుంచి సెప్టెంబరు వరకు నీళ్లు బాగా ఉంటాయి కానీ ఎర్రగా, బురదగా ఉంటాయి. ఘాట్‌లో కొండచరియలు విరిగిపడేదీ, రైలు పట్టాల మీద బండరాళ్లు పడి రైళ్లు రద్దయ్యేదీ ఎక్కువగా అప్పుడే.

అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారం వరకు అన్నిటికంటే మంచి కాలం. నీరు తేటపడుతుంది, ధార ఇంకా బలంగానే ఉంటుంది, పొలాల్లో వలిసె పూలు పసుపు పచ్చగా విరబూస్తాయి. అయితే బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చేదీ ఈ నెలల్లోనే. అందుకే రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే గదులే బుక్ చేయండి. బయల్దేరడానికి మూడు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ జిల్లాలవారీ హెచ్చరికలు చూస్తూ ఉండండి. చూడాల్సింది విశాఖపట్నం జిల్లా కాదు. అరకు, పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లాకు ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే ప్రయాణం వాయిదా వేయడమే సరైన పని. అలాంటప్పుడు సందర్శన స్థలాలను అధికారులు మూసేయవచ్చు కూడా.

డిసెంబరు చివరి పదిరోజులు, సంక్రాంతి సెలవులు తప్పించుకోండి. గదుల ధరలు పెరుగుతాయి, ఘాట్‌లో బండ్లు వరుసగా ఆగిపోతాయి. వారం మధ్యలో వెళ్లగలిగితే అదే కొండ వేరేగా కనిపిస్తుంది.

వెళ్లిన దారినే తిరిగి రాకుండా

అరకులో ఒక్కచోటే గది తీసుకుని రోజూ అటూఇటూ తిరిగితే ఒకే రోడ్డు నాలుగుసార్లు చూస్తారు. దానికంటే ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగడం మేలు: విశాఖ, బొర్రా, అరకు, పాడేరు, అక్కడి నుంచి చోడవరం మీదుగా విశాఖ. మొదటి రాత్రి అరకు లేదా అనంతగిరిలో, రెండో రాత్రి పాడేరులో. అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పాడేరులో వసతులు అరకు కంటే తక్కువ, కాబట్టి ముందు పాడేరు గది ఖాయం చేసుకుని, ఆ తర్వాత అరకు చూడండి. చాలామంది దీన్ని తిరగేసి చేసి, రెండో రోజు చీకట్లో వెనక్కి అరకు రావాల్సి వస్తుంది.

ఎక్కడానికి రైలు, తిరగడానికి, దిగడానికి కారు అనే ఏర్పాటు బాగుంటుంది. విశాఖ–కిరండూల్ పగటి రైలు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ దీనికి తగిలిస్తారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సీజన్లో శని, ఆదివారాల టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి తెరిచిన రోజే తీసుకోండి. ఈ లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి వేసింది. దారిలో గూడ్సులకు తోవ ఇస్తూ రైలు ఆగుతుంటుంది, కాబట్టి గంట ఆలస్యాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి.

టికెట్ అరకు వరకు ఉన్నా బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోండి. అరకు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి బొర్రాకు రావడమంటే 35 కిలోమీటర్ల పైగా రోడ్డు, గంటన్నర వృథా. సొరంగాలు, లోయలు చాలావరకు బొర్రా లోపే వచ్చేస్తాయి. కారును పొద్దున్నే విశాఖ నుంచి రోడ్డు మీద పంపి, బొర్రా దగ్గర ఎక్కితే సామాను మోసే బాధ ఉండదు.

కారు మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు ముందే తేల్చుకోండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, డ్రైవర్ బత్తా రాత్రి బసతో కలిపే చెబుతున్నారా, ఘాట్ చార్జి విడిగా ఉందా. ఐదుగురు పెద్దవాళ్లు, సామానుతో చిన్న కారు ఘాట్‌లో ఆయాసపడుతుంది. నలుగురు దాటితే పెద్ద బండి తీసుకోండి.

మొదటి రోజు: బొర్రా, కటికి

గుహల కోసం గంటన్నర చాలు. మెట్లు తడిగా ఉంటాయి, లోపల ఉక్కగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగం దిగి ఆగినా ప్రధాన గుహ కనిపిస్తుంది.

కటికి జలపాతం గోస్తని నది మీద ఉంది. బొర్రా నుంచి కొన్ని కిలోమీటర్లే అయినా రోడ్డు రాళ్లమయం. మామూలు కారు అడుగు భాగం తగులుతుంది, అందుకే అక్కడి జీపులు ఎక్కాలి. జీపుకి ఇంత అని మాట్లాడతారు, మనిషికి ఇంత అని కాదు. మీరు ముగ్గురే ఉంటే ఇంకో కుటుంబంతో కలిసి పంచుకోవచ్చు. ఎక్కేముందే రెండు విషయాలు అడగండి: రానూపోనూ కలిపేనా, అక్కడ ఎంతసేపు ఆగుతారు. జీపు దిగాక కొంత నడక ఉంటుంది. మొత్తం రెండున్నర గంటలు పెట్టుకోండి. మధ్యాహ్నం రెండు దాటాక జీపు ఎక్కకపోవడం మంచిది. కొండల్లో వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే పడుతుంది, ఆపైన చీకటి త్వరగా పడుతుంది. ఆలస్యమైతే గుహలు వదిలేసి కటికికి వెళ్లండి. గుహలు ఏ కాలంలోనైనా అలాగే ఉంటాయి, ఇంత నీరు ఏడాదిలో కొన్ని నెలలే.

సాయంత్రం అరకు వెళ్తూ గాలికొండ వ్యూపాయింట్ దగ్గర పది నిమిషాలు ఆగితే చాలు. సుంకరిమెట్ట కాఫీ తోటలు వెలుతురు ఉంటేనే.

రెండో రోజు: చాపరాయి, ఆపై పాడేరు

చాపరాయి అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలోనే, డుంబ్రిగూడ మండలంలో ఉంది. పైనుంచి పడే జలపాతం కాదిది. వెడల్పాటి రాతి పలక మీద నీళ్లు జారుతూ పోతాయి. ఉదయం తొమ్మిదికల్లా చేరితే జనం తక్కువ. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూడాలనుకుంటే ముందురోజు సాయంత్రమే చూసేయండి. పొద్దుటి సమయం నీళ్లకే ఉంచండి.

డుడుమ జలపాతం కూడా చూడాలన్న ఆశ కలుగుతుంది. ఒడిశా సరిహద్దులో, మాచ్‌ఖండ్ నది మీద 500 అడుగులకు పైగా ఎత్తు నుంచి పడే ధార అది. కానీ అక్కడి నీటిని విద్యుత్ కేంద్రానికి మళ్లిస్తారు కాబట్టి ప్రవాహం రోజును బట్టి మారుతుంది. పైగా దానికి ఒక రోజంతా కావాలి. మూడు రోజుల్లో ఇరికించకండి.

మూడో రోజు: కొత్తపల్లి, తర్వాత దిగడం

కొత్తపల్లి జలపాతం జి.మాడుగుల మండలంలో, పాడేరు నుంచి చింతపల్లి వెళ్లే వైపు ఉంది. ఒకే ధార కాదు, మెట్లు మెట్లుగా పడుతుంది. పాడేరు నుంచి గంట పైనే పడుతుంది. ఏడింటికి బయల్దేరితే ఎండ ఎక్కేలోపు రెండు గంటలు హాయిగా గడపొచ్చు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీది మేఘాల కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అదే రోజు కొత్తపల్లి, ఆపై ఘాట్ దిగడం, ఈ మూడూ పెట్టుకుంటే డ్రైవరుకు నిద్ర ఉండదు. నిద్రలేని డ్రైవరుతో ఘాట్ దిగడం ప్రమాదం. వంజంగి కావాలంటే ఇంకో రోజు కలపండి.

హైదరాబాద్, రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లు పాడేరుకు వెనక్కి రానక్కర్లేదు. చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగి, తునిలో గానీ అనకాపల్లిలో గానీ రైలెక్కవచ్చు.

నీళ్ల దగ్గర

ఏటా ఇలాంటి చోట్ల ప్రాణాలు పోతున్నాయి. వాటిలో చాలావరకు మూడు కారణాలు.

మొదటిది పాకుడు. ఎప్పుడూ నీళ్లు పారే రాయి కంటే, నీళ్లు అప్పుడప్పుడు తగిలే అంచు రాయి ఎక్కువ జారుతుంది. నల్లగా, ముదురాకుపచ్చగా మెరిసే చోట కాలు పెట్టకండి. గరుకుగా, పొడిగా కనిపించే చోటే అడుగు వేయాలి. హవాయి చెప్పులు, అరిగిపోయిన క్రాక్స్ పనికిరావు. వెనక పట్టీ ఉండి, అడుగున లోతైన గాడులున్న రబ్బరు చెప్పులు వేసుకోండి. చాపరాయిలో నీళ్లు పాదం మునిగేంతే కనిపిస్తాయి. కానీ వాలు మీద జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కింద రాతి గుంతల్లోకి పోతారు. పిల్లల్ని చెయ్యి పట్టుకునే నడిపించండి, దిగువన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

రెండోది గుండం. ధార పడే చోట రాళ్లు తిరిగి తిరిగి లోతు తొలుస్తాయి. ఒడ్డున మోకాలి లోతు ఉంటే రెండడుగుల అవతల తల మునగొచ్చు. పైనుంచి పడే నీటితో గాలి బుడగలు కలిసి తెల్లగా నురగ తేలే చోట మనిషిని తేల్చే శక్తి కూడా తగ్గుతుంది, ఈత వచ్చినవాళ్లు సైతం అక్కడే మునిగిపోతారు. ధార కిందకు వెళ్లి తల పెట్టడం ఇంకా ప్రమాదం, నీటితో పాటు రాళ్లూ, కొమ్మలూ పడతాయి. తాగినవాళ్లను నీళ్లలోకి దిగనివ్వకండి.

మూడోది పైవాన. మీరున్న చోట ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే గెడ్డ కొన్ని నిమిషాల్లో పొంగుతుంది. వెళ్లగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. ఆ రాయి మునగడం మొదలైనా, తేట నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను వదిలేసి ఒడ్డుకు రండి. అవతలి ఒడ్డున ఉండిపోతే నీరు తగ్గేదాకా అక్కడే ఆగండి, దాటొద్దు.

ఎవరైనా కొట్టుకుపోతే వెంట దూకకండి, ఒకరికి ఇద్దరు పోతారు. చున్నీలు, పంచెలు ముడివేసి గానీ, పొడవాటి కర్ర గానీ అందించండి. కారులో 15 మీటర్ల నైలాన్ తాడు ఉంటే నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. 108కి, 112కి ఫోన్ చేయాలి కానీ చాలా జలపాతాల దగ్గర సిగ్నల్ ఉండదు. చివరిగా సిగ్నల్ వచ్చిన చోటు డ్రైవరుకు గుర్తుండేలా ముందే చెప్పండి.

సంచిలో, జేబులో

ఒక్కొక్కరికి రెండు జతల అదనపు బట్టలు, జీన్స్ కాకుండా త్వరగా ఆరేవి. తడిసిన జీన్స్ బరువెక్కుతుంది, చలికాలంలో ఆరదు. అరకులో శీతకాలపు రాత్రులు 10 డిగ్రీల కిందికి కూడా దిగుతాయి, స్వెట్టరు తప్పనిసరి. టార్చి, ఓఆర్ఎస్, గాయాల మందు, ఫోన్లకు నీళ్లు పోని కవరు పెట్టుకోండి. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, మలేరియా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమల క్రీము వాడండి. తిరిగొచ్చిన తర్వాత కొన్ని వారాల్లో గానీ నెలల్లో గానీ జ్వరం వస్తే, అరకు వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి. అడగకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు.

మలుపులకు వాంతులయ్యేవాళ్లు ఖాళీ కడుపుతోనూ, పూరీలు దట్టించీ ఎక్కకండి. రెండు ఇడ్లీలు తిని, డాక్టరు చెప్పిన మాత్ర గంట ముందే వేసుకుని ముందు సీట్లో కూర్చోండి. తల తిరగడం మొదలయ్యాక మాత్ర పెద్దగా పనిచేయదు.

నగదు విశాఖలోనే తీసుకోండి. జీపులకు, బొంగులో చికెన్‌కు, సంతలో కొనేవాటికి చిల్లర నోట్లు కావాలి, సిగ్నల్ లేని చోట ఫోన్ చెల్లింపులు నడవవు. గూడేల్లో మనుషుల ఫొటోలు అడగకుండా తీయకండి. తెచ్చిన ప్లాస్టిక్ మీ కారులోనే కిందికి తేవాలి, వాగులో వేసింది దిగువ ఊళ్లు తాగే నీళ్లలోకే పోతుంది.

ఘాట్ దిగేటప్పుడు

సొంత కారైతే, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో జారనిస్తే భారమంతా బ్రేకుల మీద పడి, వేడెక్కి పట్టు తప్పుతాయి. కాలిన వాసన వస్తే విశాలమైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పోయొద్దు. వేడి లోహం వంకరపోతుంది. ఎక్కే బండికి తోవ ఇవ్వండి, మలుపులో హారన్ కొట్టండి, ఓవర్‌టేక్ చేయకండి.

మధ్యాహ్నం రెండింటికల్లా దిగడం మొదలుపెడితే పొగమంచూ, చీకటీ రెండూ తప్పుతాయి. తిరుగు రైలు రాత్రి తొమ్మిది తర్వాతిది తీసుకోండి. ఒక్క లారీ మలుపులో ఆగిపోతే ఘాట్ రెండు గంటలు కదలదు, ఆరింటి రైలైతే ఆ తొందరంతా డ్రైవరు కాలి మీద పడుతుంది.