లిస్టులో ఉన్న సైటు ఎందుకు తెరుచుకుంది?

మా బడి ల్యాబులో పిల్లల కోసం స్క్విడ్ (కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడే ప్రాక్సీ సర్వర్), దానికి తోడు వద్దన్న సైట్లను ఆపే స్క్విడ్‌గార్డ్ పెట్టాను. ఒక జూదం సైటు పేరు డొమైన్స్ ఫైల్లో (ఆపాల్సిన సైట్ల లిస్టు) చేర్చి, స్క్విడ్‌ని రీలోడ్ చేశాను. అయినా పిల్లల కంప్యూటర్లో హాయిగా తెరుచుకుంది. పిల్లల విషయం కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదటి తప్పు వెంటనే దొరికింది. డొమైన్స్ పక్కన డాట్ డీబీ ఫైలు (ఆ లిస్టు నుంచి తయారైన డేటాబేస్) ఉంటే స్క్విడ్‌గార్డ్ దాన్నే చదువుతుంది, మనం మార్చిన టెక్స్ట్ ఫైలు వంక చూడదు. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) లాగిన్ అయి, స్క్విడ్‌గార్డ్ పెద్ద సి ఆప్షన్‌తో లిస్టులన్నీ మళ్లీ డీబీ ఫైళ్లుగా కంపైల్ చేశాను. టెర్మినల్లో ఆ సైటు అడ్రస్ పంపి చూస్తే బ్లాక్ పేజీ అడ్రస్ వచ్చింది. అమ్మయ్య అనుకుని బ్రౌజర్ తెరిస్తే, ఈసారి ఏ సైటైనా వచ్చేస్తోంది! ముందున్నదానికంటే అధ్వానం.

లాగ్ చివర్లో ఉంది అసలు సంగతి: 'గోయింగ్ ఇన్‌టు ఎమర్జెన్సీ మోడ్'. లిస్టు చదవలేకపోతే స్క్విడ్‌గార్డ్ ఆగిపోదు, అన్నిటినీ వదిలేస్తుంది. నేను రూట్‌గా కంపైల్ చేయడంతో డీబీ ఫైళ్లు రూట్ పేరు మీదికి వెళ్లాయి. డెబియన్ లినక్స్‌లో స్క్విడ్ నడిచేది 'ప్రాక్సీ' అనే యూజర్‌గా. ఆ డీబీ ఫైళ్లను ముట్టుకునే అనుమతి ఆ యూజర్‌కి లేదు. నా టెస్టు రూట్‌గా చేసింది కాబట్టే పాసయింది.

డీబీ ఫోల్డర్ మొత్తాన్ని ప్రాక్సీ పేరు మీదికి మార్చి, స్క్విడ్‌ని రీలోడ్ చేశాను. ఈసారి టెస్టు కూడా సుడోతో ప్రాక్సీ యూజర్‌గానే నడిపాను. పిల్లల కంప్యూటర్లో బ్లాక్ పేజీ కనిపించింది.