కార్తీక వనభోజనాలకు ఎల్‌కేజీ పిల్లలను తీసుకెళ్లే ముందు

కార్తీకమాసం వస్తే అనంతపురం చుట్టుపక్కల చిన్న బడులు వనభోజనాలకు బయలుదేరతాయి. ఉసిరి చెట్టు కింద విస్తరాకులో అన్నం, చెట్ల పేర్లు, పిట్టల కూతలు, చేతినిండా మట్టి. నాలుగైదేళ్ల పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం గదిలో దొరకదు. ఏటా ఈ వయసు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే టీచరుగా ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అయితే మన సీమలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన రోజులు కూడా ఇవే. వానలకు గుంటలు నిండి ఉంటాయి. వేరుశనగ పీకి పొలాల్లో వాములు వేసి ఉంటారు. మధ్యాహ్నం దాటితే ఉరుములు మొదలవుతాయి.

అందుకే అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లలను తీసుకెళ్లే టీచరు ఒకటి రెండు రోజుల ముందే ఆ చోటికి వెళ్లి స్వయంగా నడవాలి. పోయినేడు చూశాం కదా అనుకోకూడదు, ఒక్క వానకే చోటు మారిపోతుంది. నడిచాక మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తు నుంచి మళ్లీ చూడాలి. మన నడుముకు తగిలే తుమ్మ కొమ్మ వాళ్ల కంటికి తగులుతుంది. మనకు స్పష్టంగా కనిపించే గుంట, మోకాలెత్తు గడ్డి వెనక వాళ్లకు అసలు కనిపించదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది పామో తేలో కాదు, నీళ్లు. కరువు సీమ కాబట్టి వాన నీటిని పట్టుకోవడానికి పొలాల్లో సేద్యపు గుంటలు తవ్వుకున్నాం. అవి రైతుకు ప్రాణం. కానీ చాలా వాటికి కంచె ఉండదు. అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంట మరీ ప్రమాదం, తడిసిన పట్టా మీద కాలు నిలవదు. లోపలికి జారితే ఈత వచ్చిన పెద్దవాళ్లు కూడా గట్టెక్కలేరు. గట్టు లేని పాత బావులు, కడప, బేతంచెర్ల వైపు నాపరాయి తీసి వదిలేసిన గనుల గుంతలు కూడా అంతే. ఇక నీళ్లు పడక వదిలేసిన బోర్లు. వాటి మూతి గట్టిగా మూసి ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా గోనెసంచి కప్పి, పైన ఒక రాయి పెట్టి వదిలేసినవి ఇప్పటికీ కనిపిస్తాయి. పొలం రైతును పక్కన పెట్టుకుని బోర్లు ఎక్కడెక్కడ వేశారో అడిగి తెలుసుకోండి. పిల్లవాడి పరుగుకు అందే దూరంలో కంచె లేని నీరు గానీ, మూత లేని గొయ్యి గానీ ఉంటే ఆ చోటు వద్దు. మనిషిని కాపలా పెడతాం అనే ఏర్పాటును నేను ఒప్పుకోను. కాపలా మనిషి కూడా ఒక నిమిషం తల తిప్పుతాడు.

రెండోది లెక్క. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు ఒకసారి పిల్లలను తీసుకెళ్లాం. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు అది. ఐదెకరాలకు పైగా నీడ, వెయ్యికి మించిన ఊడలు. ఆ ఊడల మధ్య ఒక పాప కనిపించకుండా పోయింది. నాలుగైదు నిమిషాలే. లావుపాటి ఊడ వెనక కూర్చుని చీమల బారు చూస్తోంది. ఆ నిమిషాల్లో నా గొంతు ఎండిపోయింది, పిలుపు కూడా సరిగా రాలేదు. తప్పు పాపది కాదు, మాది. ఇరవై ఆరు మందికి ముగ్గురమే వెళ్లాం, అందులో ఒకరు ఫొటోలు తీస్తున్నారు. అప్పటి నుంచి ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాల్సిందే. ఆ ఐదుగురి పేర్లూ ఆమెకు నోటికి రావాలి. ఫొటో తీసే మనిషి ఈ లెక్కలోకి రాకూడదు. బస్సు దిగినప్పుడు, చోటు మారినప్పుడల్లా, అన్నానికి కూర్చునేటప్పుడు, బస్సు కదిలే ముందు పేరు పిలిచి లెక్కపెట్టాలి. తలలు లెక్కపెడితే పక్క బడి పిల్లవాడు కూడా కలిసిపోతాడు.

పెద్ద చెట్టు, కొండచరియ అనగానే తల పైకెత్తి తేనెపట్టు ఉందేమో చూడాలి. పెద్ద తేనెటీగలు పొగకు, ఘాటైన అత్తరు వాసనకు, రాయి విసిరితే రేగుతాయి. పట్టు కింద పొయ్యి పెట్టకండి, కర్పూరం వెలిగించకండి. ఆ రోజు పిల్లలకు సెంటు, పూలనూనె వద్దని ఇంట్లో ముందే చెప్పండి. ఈగలు లేస్తే పిల్లల ముఖాలు కప్పి, వెంటనే బస్సెక్కించి అద్దాలు మూయాలి. చాలా చోట్ల కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 108కి ఫోను చేయాలి.

వేరుశనగ వాముల్లో ఎలుకలుంటాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. వామి దగ్గరకు, రాళ్ల కుప్ప దగ్గరకు పిల్లలను పోనివ్వకండి. రాయి ఎత్తి పురుగులను చూపించాలని ఉంటే పెద్దవాళ్లే కర్రతో ఎత్తాలి. చెప్పులు కాదు, బూట్లు వేయించాలి. పాము కరిస్తే కోయకూడదు, బిగించి కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో విరిగిన ఎముకలా కదలకుండా ఉంచి, పాముకాటు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఏదో ముందు రోజే కనుక్కోవాలి.

ఎర్రతేలును మన దగ్గర తేలికగా తీసుకుంటారు, ఉల్లిపాయ రుద్ది మంత్రం వేయిస్తారు. చిన్నపిల్లలకు ఆ విషం గుండె మీద పడుతుంది. ఒళ్లంతా చెమట, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ప్రజోసిన్ అనే మామూలు మాత్ర ఈ విషానికి పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్ డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ నిరూపించారు. తొందరగా అందితేనే దాని మేలు. ఎంత ఇవ్వాలన్నది డాక్టరే చెప్పాలి, మనం ఇవ్వకూడదు.

కంది చేలు పూతలో ఉంటాయి, మందు కొట్టే రోజులు. చేలోకి దిగే ముందు రైతును అడగండి. గట్ల మీది వయ్యారిభామ కలుపు మొక్క తగిలితే కొందరు పిల్లలకు దద్దుర్లు, ఆయాసం వస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడిగి డాక్టరుకు చూపించాలి.

ఎండ సంగతి తల్లిదండ్రులకు తెలుసు, ఎక్కువ చెప్పను. ఉదయం ఎనిమిదికి వెళ్లి పన్నెండుకల్లా తిరుగు ప్రయాణం. పిల్లలు దాహం అడిగేదాకా ఆగకుండా అరగంటకోసారి నీళ్లు పట్టాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే సరిగ్గా అన్నే కలపాలి. ఉరుము వినిపిస్తే వనభోజనం సగంలో ఉన్నా లేవాలి. చెట్టు కింద నిలబడకుండా తలుపులు మూసిన బస్సులో కూర్చోవాలి. దామిని యాప్ ఫోనులో పెట్టుకుంటే పిడుగుల హెచ్చరిక ముందే తెలుస్తుంది.

చివరగా, ఈ వయసు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. గురివింద గింజ ఎర్రగా ముద్దొస్తుంది, నమిలితే విషం. ఉమ్మెత్త కాయ, గన్నేరు, ఆముదం గింజ, అడవి ఆముదం గింజ అన్నీ అంతే. ముందు రోజు నడిచినప్పుడే ఇవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. బస్సెక్కేటప్పుడు జేబులు తడమండి. ఇంటికి పంపేటప్పుడు తల్లికి ఒక మాట చెప్పండి: రాత్రి వాంతులు, విరేచనాలు మొదలైతే వనభోజనం తిండి పడలేదని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, పొలానికి వెళ్లొచ్చాడని, గింజలేమైనా నమిలి ఉండొచ్చని డాక్టరుకు మొదటే చెప్పమనండి. జేబులో గింజ దొరికితే అది కూడా పట్టుకెళ్లమనండి.