స్మోకీస్ కొండల్లో గుట్టుగా పెళ్లి చేసుకోవాలనుకుంటే

అమెరికాలో అట్లాంటా, షార్లెట్ వైపు ఉంటూ, హంగామా లేకుండా గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అడవిలో పెళ్లి చేసుకుందామనుకునే జంటలు కెమెరామన్ కంటే ముందు మ్యాపు చూసుకోవాలి. టెనెస్సీ, నార్త్ కరోలినా సరిహద్దు ఈ నేషనల్ పార్కు మధ్యలోంచే పోతుంది. పెళ్లి లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకుంటే తంతు ఆ రాష్ట్రం నేల మీదే జరగాలి. కేడ్స్ కోవ్ లోయ టెనెస్సీలోకి వస్తుంది. కాటలూచీ లోయ నార్త్ కరోలినాది. న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ అయితే సరిగ్గా సరిహద్దు గీత మీదే ఉంది, అక్కడ ఎటువైపు నిలబడ్డారో కూడా లెక్కే!

టెనెస్సీ లైసెన్సు 30 రోజులు చెల్లుతుంది, సాక్షులు అక్కర్లేదు. నార్త్ కరోలినాలో 60 రోజుల గడువు ఇస్తారు గానీ ఇద్దరు సాక్షులు కావాలి. ఇద్దరే వెళ్లేటట్టయితే నా ఓటు టెనెస్సీకే.

పెళ్లికి పార్కు పర్మిట్ వేరే తీసుకోవాలి. బండి 15 నిమిషాలు దాటి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కూడా ఉండాలి.

మనవాళ్లకు అసలు చిక్కు తలంబ్రాల దగ్గర. పార్కులో బియ్యం, పూలరేకులు చల్లనివ్వరు. నిప్పు కూడా ఎక్కడ పడితే అక్కడ వెలిగించకూడదు కాబట్టి హోమం కుదరదు. జీలకర్ర బెల్లం, తాళి అడవిలో కానిచ్చి, తలంబ్రాలు పార్కు బయట అద్దెకు తీసుకున్న కేబిన్‌లో పోసుకోండి, ఊడ్చుకునే ఓపికుంటే.

అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి జనం విరగబడతారు, శనాదివారాలు వద్దు. వేసవిలో కేడ్స్ కోవ్‌కి బుధవారం ముహూర్తం పెట్టుకోకండి, ఆ రోజు లోయ చుట్టూ తిరిగే లూప్ రోడ్డులోకి కార్లను రానివ్వరు.